దిద్దని ఏడు పేపర్లు

ప్రోతరాపూర్‌లో బస్సు దిగానని చెప్పి కిందటి వారం ఆపాను. ఎందుకు దిగానో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

నా కూతురు మంజు ఈ దీవుల్లోనే ఉత్తరాన రంగత్ దగ్గర ఒక బడిలో తెలుగు మీడియం చిన్న తరగతులకు పాఠాలు చెబుతుంది. టెంపరరీ పోస్టు. టీచరు డిప్లొమా చేతికొస్తేనే అది నిలుస్తుంది. ఆ డిప్లొమా దూరవిద్యలో, తెలుగులోనే చదువుతోంది. చివరి పరీక్షకు కూర్చోవాలంటే ముందు అసైన్‌మెంటు మార్కులు కంప్యూటర్లో ఎక్కాలి. ఎక్కించవలసినవాడు రాజ్‌కిరణ్ అనే ట్యూటరు. మంజు ఆరు నెలల కిందట అతనికి పేపరు ఇచ్చింది. అతను దిద్దలేదు. పద్నాలుగు మెసేజీలు పెట్టింది. చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి, జవాబు రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. ఎక్కకపోతే ఏడాది పోతుంది. ఏడాదితోపాటు పోస్టు పోతుంది.

రంగత్ నుంచి రావాలంటే ఆమెకు రోజంతా బస్సులోనే సరిపోతుంది. నేను మిన్నీ బేలో ఊరికే ఉన్నాను, ఆయనింటికే వెళ్ళి అడుగు నాన్నా అంది. స్టడీ సెంటరు గుమస్తాను ట్యూటరు ఇల్లెక్కడని అడిగాను. చెప్పడానికి లేదన్నాడు. మూడు రోజులు అతని బల్ల ముందు కూర్చున్నాను. నాలుగో రోజు పొద్దున్న చీటీ రాసిచ్చాడు. ఆ నాలుగో రోజే శుక్రవారం.

నా పేరు రమణయ్య. ఓడల ఇంజను గదుల్లో ముప్పై రెండేళ్ళు పనిచేసి దిగిపోయాను. చదువు ఊరి బడిలో ఏడో తరగతి. భార్య అప్పలకొండ పోయి నాలుగేళ్ళయింది. వండుకుంటాను, తింటాను. నా గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

రోడ్డు మీద నుంచి పాతిక మెట్లు కిందికి దిగితే అతని ఇల్లు. రేకుల కప్పు, చుట్టూ పోక చెట్లు. వాకిట్లో ఒకావిడ పీట మీద కూర్చుని చేపలకు ఉప్పు పట్టిస్తోంది. నన్ను చూసి చేతులు దులుపుకుంది.

"ఎవులు కావాల బాబూ?"

"రాజ్‌కిరణ్ ఉన్నాడా?"

"ఉన్నాడు. నా కొడుకే. ఏటి పని?"

"పని అతనిది. ఆర్నెల్లుగా చెయ్యలేదు. చేయించడానికొచ్చాను."

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. జంకలేదు.

"మాట మావైపుదిలాగున్నాది. ఏ ఊరు మీది?"

"భావనపాడు అవతల."

"ఓలమ్మా! మాది కళింగపట్నం. పెళ్ళయిన ఏడే ఇటొచ్చీసినాం. నా పేరు నూకరత్నం. కూకో అన్నయ్యా, టీ పెడతాను."

"టీ తాగడానికి రాలేదమ్మా. తగువుకొచ్చాను."

"టీ తాగితే తగువు పారిపోద్దేటి? తాగీసి ఆడుకో."

అంతలో అతను గుమ్మంలోకి వచ్చాడు. ముప్పై మూడు, ముప్పై నాలుగు ఉంటాయి. కళ్ళజోడు. గడ్డం చేసుకుని వారమై ఉంటుంది.

"నమస్తే అంకుల్. ఆప్... మీరెవరు?"

"మంజు తండ్రిని."

ఏ మంజు అని అడగలేదు. పక్కకు తప్పుకుని లోపలికి దారిచ్చాడు.

గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ పొడవునా పుస్తకాలు. అన్నీ ఇంగ్లీషువి, హిందీవి. అతను తలుపు దగ్గరగా వేశాడు. తలుపు వెనక రంగుల బొమ్మల కాగితం ఒకటి అంటించి ఉంది. అరటిపండు బొమ్మ కింద అ, ఆవు బొమ్మ కింద ఆ. అక్షరాల చార్టు.

"పిల్లలెంతమంది?" అన్నాను.

"పెళ్ళి కాలేదు అంకుల్."

ఎవరో చుట్టాల పిల్లల కోసం అయి ఉంటుందనుకున్నాను. నాకు అది ముఖ్యం కాదు. జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాను. పై అధికారులకు ఇవ్వడానికి రాసిన ఫిర్యాదు. రెండు పేజీలు, నా చేతిరాత. చాటుగా ఫిర్యాదు చెయ్యడం నాకు చేతకాదు. ఎవరి మీద చేస్తానో వాళ్ళకే ముందు చూపిస్తాను.

"చదువు. చదివినట్టు కింద సంతకం పెట్టు. ఇక్కణ్ణుంచి నేరుగా ఆఫీసుకి పోతాను."

అతను కాగితం చేతిలోకి తీసుకున్నాడు. తల వంచాడు.

ఇంజను గదిలో నా పనంతా మీటర్లు చూడడమే. ముల్లు కొంచెమైనా ఆడుతూ ఉండాలి. ఆడకుండా నిలబడిపోతే ఎక్కడో ఏదో అయినట్టు. చదివే మనిషి కళ్ళు కూడా అంతే. ఈ పక్కనుంచి ఆ పక్కకు, మళ్ళీ ఈ పక్కకు. ఇతని కళ్ళు కాగితం మధ్యలో ఒకచోట నిలబడ్డాయి. అక్కడే ఉన్నాయి.

కాసేపటికి పేజీ తిప్పాడు. ఇంకాసేపటికి పెన్ను తీశాడు.

"ఠీక్ హై అంకుల్. మీరు రాసింది కరెక్టే."

"ఏం రాశాను?"

"అదే... మంజు అసైన్‌మెంట్. నేను లేట్ చేశానని."

"రెండో పేజీ మొదట నిన్ను ఒక మాట అన్నాను. ఏమన్నాను?"

పెన్నుకి మూత పెట్టాడు.

"పైకి చదువు."

"అంకుల్, ప్లీజ్."

"నువ్వు సార్‌వి కదా. ఏడో తరగతివాడు రాసింది. పైకి చదువు."

వాకిట్లోంచి కేక వినిపించింది.

"ఆడికి రాదు అన్నయ్యా!"

"అమ్మా, చుప్!"

తలుపు తోసుకుని నూకరత్నం లోపలికొచ్చింది. ఒక చేతిలో టీ గ్లాసు. మోచేతుల దాకా ఉప్పు.

"ఏటి చుప్పు? ఆర్నెల్లై కూడు సరిగ్గా తినవు. ఆ ఫోను మోగితే గోడకేసి తిరిగి పడుకుంతావు. నిజం సెప్పీసి ఊపిరి పీల్చుకో. ఆడికి తెలుగు సదవడం రాదు అన్నయ్యా. నాకూ రాదు. ఈ ఇంట్లో ఎవులికీ రాదు. మాటాడ్డం ఒక్కటే వచ్చు."

నా చేతిలో గ్లాసు పెట్టి ఆవిడ గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

రాజ్‌కిరణ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కళ్ళజోడు లేకపోతే చిన్నవాడిలా ఉన్నాడు.

"స్కూలంతా హిందీ మీడియం అంకుల్. కాలేజీ ఇంగ్లీష్. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బస్, అంతే. పుస్తకం ఎప్పుడూ పట్టలేదు. ట్యూటర్ పోస్టుకి ఫారం నింపేటప్పుడు తెలిసిన భాషలు అని ఉంటుంది కదా. చదవడం, రాయడం, మాట్లాడడం. మూడు గడులు. తెలుగుకి మూడింటికీ టిక్ పెట్టేశాను. ఇక్కడ మేమందరం అలాగే పెడతాం. ఎవరూ చెక్ చెయ్యరు. తెలుగువాళ్ళం కదా, పెట్టకపోతే ఏదోలా ఉంటుంది."

"తర్వాత?"

"రెండేళ్ళు ప్రాబ్లమ్ రాలేదు. అందరూ హిందీలోనో ఇంగ్లీష్‌లోనో రాసేవారు. ఈ సంవత్సరమే ఏడుగురు తెలుగు తీసుకున్నారు. సెంటర్‌లో ఇతను తెలుగు అబ్బాయే కదా అని నాకు ఇచ్చేశారు."

"రాదని ఆ రోజే చెప్పాల్సింది."

"చెప్తే పోస్టు పోతుంది. ఇంకా..." ఆగాడు. "తెలుగోడివై ఉండి తెలుగు రాదా అంటారు అంకుల్. అది వినలేను."

"మెసేజీలకు జవాబైనా ఇవ్వొచ్చు కదా."

"మంజు తెలుగులో టైప్ చేసి పంపేది. ఏం రాసిందో ఫోనే హిందీలో చెప్పేది, జవాబు తెలుగులో ఎలా రాయను? హిందీలో రాస్తే బయటపడిపోతుంది. పేపర్లు కూడా ఫోన్‌తో ఫోటో తీసి చూశాను. చేతిరాత దానికీ రాదు. పిల్లల గురించి రాసిందాన్ని కొబ్బరికాయల ధర అని చెప్పింది."

నూకరత్నం నవ్వబోయి నా మొహం చూసి మానేసింది.

అతను బల్ల కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. ఏడు పేపర్లూ అందులో ఉన్నాయి, ముడత పడకుండా. అన్నిటికంటే పైనున్నదాని మొదటి పేజీలో ఒక్కో తెలుగు అక్షరం మీదా పెన్సిల్‌తో హిందీ అక్షరం రాసి ఉంది. తలుపు వెనక చార్టు చూసుకుంటూ కూడబలుక్కుని ఉంటాడు. మూడు లైన్లు అలా నడిచాయి. నాలుగో లైను దగ్గర ఒత్తులు ఎక్కువ వచ్చాయి. పెన్సిల్ అక్కడ ఆగిపోయింది.

"అందరికీ తలా పదిహేను వేసేసి ఊరుకోవచ్చు. చాలామంది అలాగే చేస్తారు. చదవకుండా మార్కులు వెయ్యడం తప్పు కదా అంకుల్."

"చదవకుండా ఆర్నెల్లు దాచిపెట్టడం ఒప్పా?"

తల వంచుకున్నాడు. ఒప్పని అనలేదు. అని ఉంటే బల్ల తిరగేసేవాణ్ణి.

నాకు కోపం పట్టలేనంత ఉంది. అది చల్లారకముందే ఆఫీసుకి పోయి కాగితం ఇస్తే ఇతని పోస్టు సాయంత్రానికి పోతుంది. మార్కులు మాత్రం ఎక్కవు. ఇంకో ట్యూటరు వచ్చేది వచ్చే ఏడాదే. గోడ మీద గడియారం చూశాను. పదకొండుంబావు.

"నేను చదువుతాను," అన్నాను. "నువ్వు విను. విని మార్కులు వెయ్యి. అది వచ్చా?"

అతను తలెత్తి చూశాడు.

"వచ్చు అంకుల్."

"నా కూతురి పేపరు కూడా వీటిలోనే ఉంది. పేర్లు చెప్పను. పై పేజీలు మడిచి, వరుస కలిపేసి చదువుతాను. ఎవరిదని అడక్కు. అడిగితే లేచిపోతాను."

"అడగను."

"మరి నానూ వినొచ్చా?" అంది నూకరత్నం. "సేపలు ఎండ్లో ఉన్నాయి, ఆటి పని అయ్యే సేసుకుంతాయి."

ఏడు పేపర్లు, ఒక్కోటి ఎనిమిది పేజీలు. ప్రశ్న ఒక్కటే. బడికి రాని పిల్లను బడికి ఎలా తెస్తారు? మీ అనుభవం నుంచి రాయండి.

నేను పైకి చదివి ఎన్నేళ్ళయిందో నాకే తెలియదు. మొదటి పేజీకే గొంతు పట్టేసింది. టీ అప్పుడు పనికొచ్చింది. రాజ్‌కిరణ్ కళ్ళు మూసుకుని, చేతిలో పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు. మొదటి పేపరు సగంలో చెయ్యెత్తాడు.

"ఆ లైన్ మళ్ళీ, అంకుల్."

చదివాను.

"ఇది గైడ్‌లోది. సొంతం కాదు. ముందుకెళ్ళండి."

మూడో పేపరు మొదలుపెట్టి పది లైన్లు చదివానో లేదో మళ్ళీ చెయ్యెత్తాడు. "మొదటి పేపరే ఇది. మాటలు అటూ ఇటూ మార్చారు. అక్కడ 'సమాజం' అని ఉన్నచోట ఇక్కడ 'లోకం' అని పెట్టారు." పాత పేపరు తీసి పక్కన పెట్టుకుని చూశాను. నిజమే. చదివిన నేను పట్టుకోలేదు. విన్నవాడు పట్టుకున్నాడు. అతని మీద కోపం తగ్గలేదు. పని తెలిసినవాడని మాత్రం ఒప్పుకోవలసి వచ్చింది.

నాలుగోదాంట్లో, తల్లిదండ్రులకు చదువు విలువ మీద అవగాహన కల్పించాలి అని రాశారు. గుమ్మంలోంచి నూకరత్నం అందుకుంది.

"అవగాహన మాకుందమ్మా. పొద్దున్నే వల లాగడానికి మనుషుల్లేరు. ఆళ్ళని కల్పించమను."

"అమ్మా, నువ్వు మధ్యలో రాకు," అన్నాడు రాజ్‌కిరణ్. తర్వాత పెన్సిల్‌తో ఏదో కొట్టేశాడు. "అమ్మ అన్నది రైట్. రెండు తగ్గిస్తున్నా."

"సూసావా అన్నయ్యా, నానూ మార్కులేసీసాను!"

మధ్యలో అన్నం పెట్టింది. తిననన్నాను. నాకేసిన కంచం తియ్యలేదు. ఆరో పేపరు చదివి, తిన్నాను. పులుసులో చింతపండు ఎక్కువైంది. అదే చెప్పాను. "రేపొచ్చి నువ్వే ఒండు," అంది.

ఏడోది మంజుది. మిగిలినవాటిని ఎలా చదివానో అలాగే చదవాలనుకున్నాను. బహుశా ఇంకా చప్పగా చదివాను. రంగత్ దగ్గర ఒక పల్లెలో చేపల బోటు ఒడ్డుకొచ్చే వేళకు ఒక పిల్ల తల్లికి సాయం వెళ్ళేది. బడికి వచ్చేసరికి హాజరు అయిపోయి ఉండేది. ఆలస్యమైందని గుమ్మంలో నిలబెట్టేవారు. నాలుగు రోజులు నిలబడి ఐదో రోజు మానేసింది. మంజు ఆ ఇంటికి వెళ్ళి ఎవరికీ బుద్ధి చెప్పలేదు. బోటు ఎన్నింటికి వస్తుందని అడిగింది. మర్నాటి నుంచి హాజరు పిలవడం బోటు వచ్చి తట్టలు ఎత్తేశాక పెట్టుకుంది. అంతే. ఆ పిల్లతోపాటు మానేసిన ఇంకో ముగ్గురు కూడా తిరిగొచ్చారు.

నూకరత్నం చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇది ఎవులు రాసినారో గాని, ఆ గుంట మరి బడి మానదు."

నేను కాగితాలు సర్దాను. తలెత్తలేదు.

"ఇరవయ్యారు," అన్నాడు రాజ్‌కిరణ్. ముప్పైకి.

"నాలుగు ఎందుకు తగ్గించావు?"

"చివరి పేజీ అంతా ఉపన్యాసం అంకుల్. పని చేసి చూపించాక మళ్ళీ లెక్చర్ ఎందుకు?"

నిజమే. చివరి పేజీ చదువుతున్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. అది నా పోలిక.

మడిచిన పై పేజీలు విప్పి, పేర్ల పక్కన మార్కులు చీటీ మీద రాసేసరికి మూడుముప్పావయింది. కంప్యూటరు తెరిచాడు. పేరు ఎదురుగా గడిలో అంకె వెయ్యాలి. రెండు పేర్లు వేశాడో లేదో ఆకాశం విరిగి పడ్డట్టు వాన మొదలైంది. ఇంటర్నెట్ పోయింది. రేకుల మీద వాన మోతలో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. పది నిమిషాలు చూశాం. రాలేదు.

"పైన రోడ్డు మీద ఫోన్‌లో వస్తుంది," అని అరిచాడు.

ముగ్గురం మెట్లెక్కాం. నూకరత్నం పెద్ద గొడుగు పట్టింది. ఆ గొడుగు ఫోనుకి. మేము తడిశాం. బస్సు షెల్టరు కిందికి చేరేసరికి నాలుగుంబావు. నేను చీటీ చూసి పేరు, అంకె చెబుతున్నాను, అతను వేస్తున్నాడు. ఐదో పేరు దగ్గర తెర తెల్లబడి మళ్ళీ మొదటికి వచ్చింది. అతను ఫోను నేలకేసి కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. ఊపిరి పీల్చి మళ్ళీ మొదటి పేరుతో మొదలుపెట్టాడు. రంగత్ వైపు పోయే లారీ ఒకటి మా మీద బురద చిమ్మింది. ఎవరం తిట్టలేదు. తీరిక లేదు.

ఏడో పేరు. ఏడో అంకె. వేలు పెట్టి నొక్కాడు.

ఒక గుండ్రం తిరిగింది. తిరిగింది. ఆకుపచ్చ గీత వచ్చింది. అందినట్టు. నాలుగు గంటల నలభై ఒక్క నిమిషం.

నేను షెల్టరు బల్ల మీద కూర్చుండిపోయాను. ఆరు నెలలుగా గుండె మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది. వాన చల్లగా ఉందని అప్పుడు తెలిసింది. నూకరత్నం పెద్దగా నవ్వుతోంది. కొడుకు వీపు మీద చరుస్తోంది. అతను ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. వచ్చి నా కాళ్ళ మీదికి వంగాడు. కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

"కాళ్ళు పట్టుకుంటే చదువు రాదు. నిన్ను క్షమించానని అనుకోకు."

"లేదు అంకుల్."

"రేపట్నుంచి పొద్దున్న ఆరింటికి మిన్నీ బే రా. పలక తెచ్చుకో. ఆరు దాటితే తలుపు తియ్యను."

"వస్తాను."

"ఈ ఫిర్యాదు నా దగ్గరే ఉంటుంది. నీకు చదవడం వచ్చిన రోజు నువ్వే పైకి చదువుతావు. రెండో పేజీతో సహా. తర్వాత జరిగింది జరిగినట్టు మీ ఆఫీసుకి నువ్వే రాసిస్తావు."

"తెలుగులోనా?"

"మరి దేంట్లో?"

"రెండో పేజీలో ఏటన్నావు అన్నయ్యా?" అంది నూకరత్నం.

"నీ ముందు చెప్పే మాట కాదమ్మా."

ఆవిడ ఇంకా గట్టిగా నవ్వింది. తల్లీకొడుకులు మెట్లు దిగారు. నేను బస్సు కోసం ఉండిపోయాను. మంజుకి ఫోను చేశాను. ఒక్క మోతకే ఎత్తింది.

"నాన్నా?"

"ఎక్కాయి. ఇరవయ్యారు."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"నాలుగెందుకు తగ్గించారు?"

"ఉపన్యాసం ఇచ్చావంట."

"నీ కూతుర్ని కదా," అని నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది.

జరిగిందంతా చెప్పాను. చార్టు, పెన్సిల్ గీతలు, నూకరత్నం, వాన. మధ్యలో ఒక్కసారి కూడా అవునా అనలేదు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు నాన్నా. సెంటర్లో ఆయన చెప్పిన రెండో క్లాసులోనే తెలిసింది. హిందీలో మెసేజి పెడితే నాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమవుతుందని తెలుగులోనే పెడుతూ వచ్చాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆయనింటికి వెళ్ళేవాడివి కాదు. నేరుగా ఆఫీసుకి వెళ్ళి ఉద్యోగం ఊడగొట్టేవాడివి. అప్పుడు నా పేపరు ఎవరు దిద్దుతారు? ఆయన ఎదురుగా కూర్చుంటే నువ్వే కనిపెడతావు. కనిపెట్టాక చదవకుండా ఉండలేవు. అందుకే నిన్ను పంపాను."

నా కూతురు నన్ను ఇంజను నడిపినట్టు నడిపింది. కోపం రావాలి. రాలేదు.

"నువ్వెలా కనిపెట్టావు?"

"తెలుగు కాగితం ఏదిచ్చినా, 'నువ్వు చదువమ్మా, అందరూ వింటారు' అనేవారు. అమ్మ కూడా అలాగే అనేది కదా."

"ఏ అమ్మ?"

"మన అమ్మే, నాన్నా."

"మీ అమ్మ నాలుగో తరగతి చదివింది."

"పెళ్ళప్పుడు నీకలా చెప్పారు. అమ్మ బడి గుమ్మం ఎక్కలేదు. నాకు ఒకటో తరగతిలో తెలిసింది. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది."

వాన షెల్టరు లోపలికి కొడుతోంది. పక్కకి జరగలేదు.

నా ఓడ ఏటా రెండు మూడు నెలలు రిపేరుకి విశాఖ డాకులో ఎక్కేది. ఇంటికి ఫోను వచ్చేదాకా, అన్ని నెలలూ వారానికొక ఉత్తరం రాసేవాణ్ణి. వారానికొక జవాబు వచ్చేది. గుండ్రటి అక్షరాలు. పందిరి మీద బీరపాదు మొదటి కాయ కాసింది, కొయ్యలేదు, మీరొచ్చి కొయ్యండి అని ఒకదాంట్లో ఉంటుంది. నూట పన్నెండు ఉత్తరాలు. ఈ నాలుగేళ్ళలో ఒక్కోటీ ఎన్నిసార్లు చదివానో తెలియదు.

"మరి ఆ ఉత్తరాలు ఎవరు రాశారు?"

"నేను అద్దెకుంటున్న ఇంటావిడ పేరు నువ్వెప్పుడూ అడగలేదు నాన్నా."

"చెప్పు."

"కామమ్మ గారు. మన పాత లైను క్వార్టర్లలో పక్కింట్లో ఉండేవారు."

కొళాయి దగ్గర నీళ్ళ కోసం ఆ కామమ్మతో ఒకసారి తగవు పడ్డాను. ఆ ఇంటి గడప తొక్కితే నా ఇంటికి రావద్దని అప్పలకొండతో చెప్పాను. ఆ మాట నేను ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు.

"పక్కనే ఉన్నారు. మాట్లాడతావా?"

వద్దనలేదు. ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది.

"రమణయ్యగారూ," అంది ఒక ముసలి గొంతు. "ఉత్తరాల్లో మాటలన్నీ అప్పలకొండవే. చేతిరాత ఒక్కటే నాది. అది ముందు మీకు చెప్పాలి."

నేను కళ్ళు మూసుకున్నాను. ఇందాక గుండె మీంచి ఒక బరువు దిగింది. ఆ ఉత్తరాలు తనవి కావేమోనన్న రెండో బరువు ఇప్పుడు దిగింది.

"ఇంకొకటుంది," అంది ఆవిడ. "నూట పదమూడోది. మొత్తం చెప్పింది, నేను రాశాను. అప్పుడు పోస్టు చెయ్యొద్దంది. తనకు రాయడం రాదని తెలిసీ మీకు కోపం రాని రోజు ఇవ్వమంది. ఆ రోజు ఇంకా రాలేదనుకున్నాను. వచ్చిందని మంజు అంటోంది."